అర్బాబ్ అమ్మగారికి ఆంధ్రా ప్రోగ్రాము

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: పుట్టిన రాష్ట్రం గురించి మనిషికి అన్నీ తెలిసే ఉంటాయని. విడిగా చదవక్కర్లేదు, వెళ్ళి చూడక్కర్లేదు, అక్కడ పుట్టడమే పెద్ద అర్హత. (ఈ లెక్కన నేను పుట్టింది కాకినాడ పెద్దాసుపత్రిలో కాబట్టి నాకు వైద్యం కూడా వచ్చి ఉండాలి. ఆ సంగతి అప్పట్లో తోచలేదు.) ఇరవై ఆరేళ్ళ వయసులో తెలియనిదంటూ ఏమీ ఉండదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి, మన ఇంటి తలుపు తట్టి మరీ పరిచయం చేసుకుంటాయి.

అప్పుడు నేను మస్కట్‌లో, అజైబాలోని ఒక టైల్సు కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. హోదా 'అసిస్టెంటు'. డ్యూటీ మాత్రం మా అర్బాబ్ (యజమానిని అక్కడ అలాగే అంటారు) వెనకాల ఫైళ్ళు పట్టుకుని తిరగడం. ఆయన మంచివాడే. మంచితనానికి లోటు లేదు గానీ, లీవు మాట ఎత్తితే మాత్రం 'బుక్రా' అనేవాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపటికి రెండేళ్ళు నిండాయి. నా అవస్థ ఏమిటంటే, పెళ్ళైన పద్దెనిమిదో రోజున నేను విమానమెక్కేశాను. ఆ పద్దెనిమిదిలో పదకొండు రోజులు చుట్టాలిళ్ళల్లో భోజనాలకే సరిపోయాయి. మిగతా వారంలో నేనూ మా ఆవిడా ఏకాంతంగా మాట్లాడుకున్నది ఆటోల్లోనే, అదీ ఆటో అబ్బాయి పాటల మోత తగ్గించినప్పుడే. రెండేళ్ళు గడిచాక ఒకరోజు ఫోనులో ఆవిడ చాలా మర్యాదగా అడిగింది: "ఏవండీ, వస్తారా? లేకపోతే గుర్తుపట్టడానికి ఒక ఫొటో పంపమంటారా?"

సరిగ్గా ఆ వారమే అర్బాబ్ వాళ్ళమ్మగారు అలిగారు. ఆవిడ బహ్లాలో ఉంటారు, డెబ్బై దాటిన మనిషి. కొడుకు ఏటా ఆవిణ్ణి, భార్యని తీసుకుని కేరళ వెళ్ళేవాడు. ఆ ప్రయాణం సంగతంతా మా ఆఫీసు లెక్కలు చూసే మలయాళీ చేట్టన్ (అంటే అన్న) చూసుకునేవాడు. కొచ్చిన్ విమానాశ్రయం దగ్గర ఎదురుచూసే కారు ఆయన తమ్ముడిది కావడంతో, లీవు కూడా ఆయనకే దొరికేది. ఆఫీసులో ఉన్నది మేమిద్దరమే కాబట్టి ఒకడు వెళ్తే రెండోవాడు కుర్చీకి అతుక్కుపోవాల్సిందే. ఈసారి పెద్దావిడ "కొబ్బరిచెట్లు చాలు, అవి మన ఒమాన్‌లోనే, సలాలాలో కూడా ఉన్నాయి" అన్నారట. అర్బాబ్ దిగులుగా ఆ మాట చెప్పగానే నాలోని కాకినాడ లేచి నిలబడింది. "మా ఆంధ్రాకి రండి సార్! గుహలు, కొండలు, నదులు, సముద్రం, అన్నీ ఉన్నాయి. నాకు ప్రతి అంగుళం తెలుసు" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "వచ్చే శుక్రవారం ఇంటికి ప్రోగ్రాం తీసుకురా. ఒక్క పేజీ. అమ్మ సరేనంటే అప్పుడే నీ లీవు, ఇరవై ఒక్క రోజులు. కాదంటే మళ్ళీ కేరళే, చేట్టనే" అన్నాడు. అమ్మగారి షరతులు కూడా చెప్పాడు. వాన చూడాలి, మెట్లు ఎక్కువ ఉండకూడదు, కోటలు అసలే వద్దు. పుట్టినప్పటినుంచీ ఆవిడ కిటికీలోంచి చూస్తున్నది బహ్లా కోటనే.

రూముకి వచ్చి తెల్లకాగితం ముందు పెట్టుకున్నాను. 'ప్రతి అంగుళం' తెలిసిన నేను గంటసేపు కూర్చుంటే రాసింది 'కాకినాడ' అనే ఒక్క మాట. దాని పక్కన ఏం చూడాలో తోచలేదు. కోరంగి మడ అడవులు మా ఇంటికి ఆటో దూరం. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఎక్కడికి పోతాయి, ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్నాను. సరే, పదిమంది చెయ్యివేస్తే పని తేలికవుతుందని ఒక కమిటీ వేశాను. జీవితంలో నేను చేసిన తప్పులకి వరసలు పెడితే ఇది మొదటి బెంచీలో కూర్చుంటుంది.

కమిటీలో ముగ్గురు. మొదటివాడు నా రూమ్మేటు, విశాఖ వాడు, ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను బావ అంటాడు. రెండోవారు మా కంపెనీ సైటు ఇంజినీరు, గుంటూరు మనిషి, వయసులో పెద్దాయన. ఆయన్ని గురువుగారు అనేవాళ్ళం. మూడో ఆవిడ అర్బాబ్ ఇంట్లో వంటా, పెద్దావిడ మస్కట్ వచ్చినప్పుడు ఆవిడ పనీ చూసే కడప అక్క. ఆమె సాయంత్రాలు ఫోనులో హాజరయ్యేది.

"కోటలు వద్దన్నారు" అని నేను ఆరంభంలోనే చెప్పాను. గురువుగారు కళ్ళద్దాలు సవరించుకుని, "కొండవీడు రాయవయ్యా" అన్నారు. "అది కోట కదండీ?" "కోట అని ఎందుకనుకుంటావ్? చారిత్రక ప్రదేశం అనుకో." ఫోనులోంచి అక్క: "ఏంది నాయనా, మా గండికోట లేకుండానే రాస్తాండావా? పెన్నేటి లోయ సూస్తే ఆ పెద్ద మామా ఆడనే కూసుంటాది!" (గల్ఫు ఇళ్ళల్లో యజమానురాలిని మామా అంటారు, ఈవిడ ఆమెకి అత్తగారు కాబట్టి పెద్ద మామా.) "అక్కా, పేరులోనే కోట ఉంది." "పేరులో ఉంటే ఏమి? నీ పేరులో రాజు ఉండాదే, నువ్వు రాజుగా ఉండావా?" రూమ్మేటు బొర్రా గుహలన్నాడు. మెట్లెన్ని అని అడిగితే "ఏటి బావా, నాలుగే నాలుగు" అన్నాడు. ఎప్పుడు చూశావురా అంటే, "అరకు రైల్లో వెళ్తుంటే స్టేషను బోర్డు చూశాను. బోర్డు దగ్గర మెట్లు లేవు" అన్నాడు. గురువుగారి కొండవీడు సంగతీ అంతే. చిన్నప్పుడు వెళ్దామని బయల్దేరారట, వర్జ్యం వచ్చి ఆగిపోయారట. ఆ వర్జ్యం అప్పటినుంచీ నడుస్తూనే ఉంది.

మూడు సాయంత్రాలు ఇలా గడిచేసరికి ఒక్క పేజీ కాస్తా పదమూడు పేజీలైంది. మొదటి రోజు 'ఉదయం 4:10 స్నానం, 4:40 కాఫీ' అని మొదలయ్యేది. హోటళ్ళ పేర్లు మాలో ఎవరికీ తెలియవు, చుట్టాల ఇళ్ళు మాత్రం అందరికీ తెలుసు. అందుకని 'మధ్యాహ్న భోజనం: అనకాపల్లిలో రూమ్మేటు పిన్ని', 'విశ్రాంతి: నరసరావుపేటలో గురువుగారి తోడల్లుడు' అని పేజీపేజీకీ పడింది. గురువుగారు పంచాంగం పక్కన పెట్టుకుని మంగళవారాలు కొట్టేశారు. చిట్టచివర ప్రయాణికుల సంఖ్య దగ్గర ఆయన కలం ఠక్కున ఆగింది. "అర్బాబ్, ఆయన భార్య, తల్లి. ముగ్గురు. ముగ్గురు కలిసి బయల్దేరడమేమిటయ్యా? మనమే తెలిసి తెలిసి అనర్థం రాసిస్తామా?" "వాళ్ళకా పట్టింపు లేదు కదండీ." "రాసేది మనం కదా!" ఆయన '3' మీద గట్టిగా గీత కొట్టి '4' వేశారు. నాలుగోది ఎవరని అడిగే ఓపిక నాకు లేదు. గురువారం రాత్రంతా కూర్చుని చుట్టాలని ఒక్కొక్కరినీ పీకేసి, కోటల్ని కూల్చేసి, పదమూడు పేజీల్ని ఒకటి చేశాను. విశాఖ, బొర్రా, అరకు, గోదావరి, కోరంగి మిగిలాయి. అడుగున '4' కూడా మిగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం అజైబాలో అర్బాబ్ ఇల్లు. ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో కాఫీ. గోడవారగా పెద్దావిడ, పక్కన అనువాదానికి కడప అక్క. అవతల చేట్టన్ తన ఒక్క పేజీతో నిశ్చింతగా కూర్చున్నాడు. ఆయన పేజీకి రంగుల అంచులు కూడా ఉన్నాయి. నేను చదవడం మొదలుపెట్టాను. పెద్దావిడ ఏదో అడిగింది. "గుహలో సల్లగా ఉంటాదా అంటాంది" అంది అక్క. "ఉంటుంది" అన్నాను. "నువ్వు లోపలికి పోయినావా అంటాంది." నీళ్ళు నమిలాను. "అరకులో వాన ఎట్లుంటాది అంటాంది." నమలడానికి నీళ్ళు కూడా మిగల్లేదు. "సెప్పమంటావా, సూడలేదని?" అని అక్క తెలుగులోనే అడిగి, నా జవాబు కోసం చూడకుండా చెప్పేసింది. చేట్టన్ కప్పులోకి చూస్తూ నవ్వుకున్నాడు. నా కళ్ళ ముందు ఇరవై ఒక్క రోజులు రెక్కలు కట్టుకుని కొచ్చిన్ వైపు ఎగిరిపోతున్నాయి.

ఇంతలో అర్బాబ్ కాగితం అడుగున వేలు పెట్టాడు. "మేం ముగ్గురం. నాలుగో మనిషి ఎవరు?"

ఏ అబద్ధమూ అందుబాటులో లేక నిజమే చెప్పాను. మా వైపు ముగ్గురు కలిసి ప్రయాణం పెట్టుకోరని, అందుకని ఒకరిని కలిపామని. అక్క అది అరబ్బీలో చేతులూపుతూ, బహుశా రెండు మూడు ప్రమాదాలు తనవి కూడా చేర్చి చెప్పింది. పెద్దావిడ కాసేపు నా వంక చూసి, భుజాలు కదిలేలా నవ్వింది. ఏదో అంది. అర్బాబ్ కూడా నవ్వి, "ఖలాస్, ఇక తేలిపోయింది, ఆంధ్రా వెళ్దాం. ఎప్పుడూ చూసినవాడే చూపిస్తాడు, ఈసారి చూడనివాడితో కలిసి చూస్తానంటోంది అమ్మ. నాలుగోవాడివి నువ్వే. పదిరోజులూ మాతోనే" అన్నాడు.

నాకు లీవు దొరికింది. దొరికిన చోటే సగం జారిపోయింది. గురువుగారికి చెబితే "చూశావా, సమస్య తీరిపోయింది!" అని సంబరపడ్డారు. ఆ క్షణాన ఆయన పంచాంగం దొరికితే ఊరి బయట ఎండిన వాగులో, వాళ్ళ భాషలో వాదీలో, విసిరేద్దును. మా ఆవిడకి ఫోను చేశాను. "బాగుందండీ. ఆ మామ్మగారికి నన్ను కోడలిగా పంపినా బాగుండేది, మీరు కనిపించేవారు" అంది. ఆ గొంతులో వేళాకోళం తక్కువే ఉంది.

రెండు రోజుల తర్వాత అక్క ఫోను. "నాయనా, మీ ఆడమనిషిని కూడా రమ్మను. పెద్ద మామా సెప్పింది." "ఎలా అక్కా?" "వంటింట్లో సెప్పినాలే. పద్దెనిమిది దినాలకే ఇడిసిపెట్టి వచ్చినాడు, రెండేండ్లయింది అని. ఆయమ్మ నిన్ను తిట్టింది. అరబ్బీలో తిట్టింది గాబట్టి నీకు సెప్పను."

అలా మాకు జరగనే జరగని హనీమూన్ అయిదుగురితో జరిగింది. విశాఖలో వ్యాను ఎక్కగానే పెద్దావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ముందు, డ్రైవరు పక్కన. కొత్తచోట పెద్దావిడకి ఒంటరిగా నిద్రపట్టదని ఆవిడ గదిలోకే మా ఆవిడ పడక మారింది. నాకు డ్రైవరుతో గది. ఆయన గురక అనంతగిరి ఘాటీలాంటిది, మలుపులు ఎక్కువ. మా ఆవిడకి అరబ్బీ రాదు, ఆవిడకి తెలుగు రాదు, అయినా పదిరోజులూ ఇద్దరికీ మాటలు ఆగలేదు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగితే "మీ గురించే లెండి" అని వెళ్ళిపోయేది. బొర్రాలో మెట్లు నాలుగు కాదు, నాలుగు దగ్గర లెక్క మొదలైంది. అయినా పెద్దావిడ మా ఆవిడ భుజం పట్టుకుని అన్నీ దిగింది. గుహలో చల్లగానే ఉంది. అరకు దగ్గర వాన మొదలవగానే వ్యాను ఆపించి, ఇద్దరూ రోడ్డు పక్కన తడుస్తూ నిలబడ్డారు. నేను ఒక్కటే గొడుగు పట్టుకుని ఎవరి మీద పట్టాలో తెలియక, "టైమైపోతోంది, కాఫీ తోటలు మూసేస్తారు" అని అరుస్తూ అటూ ఇటూ తిరిగాను. (తోటలు మూసెయ్యరని మా ఆవిడ తర్వాత చెప్పింది.) మిగిలిన పదకొండు రోజులు కాకినాడలో మళ్ళీ చుట్టాల భోజనాలే.

తర్వాత మా ఆవిడ కూడా మస్కట్ వచ్చేసింది. పెద్దావిడ ఇప్పుడు లేరు. అప్పుడప్పుడు ఆ పదిరోజులు గుర్తొస్తే, ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్న అప్పటి నేను, ఆ కుర్రాడే నాకు కనిపిస్తాడు. వాడి ఎదురుగా డ్రైవరు అద్దం ఉండేది. అందులో వాడి భార్య, తడిసిన జుట్టుతో, తల వెనక్కి వాల్చి నవ్వుతూనే ఉండేది. రెండేళ్ళ దూరం నుంచి వాడు చూడాలని వచ్చింది ఆ నవ్వునే. భుజం తట్టి, తలెత్తి ఆ అద్దంలోకి చూడరా అబ్బాయ్ అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడి సంగతి నాకు బాగా తెలుసు. వాచీ మీంచి కన్ను తీయకుండా, "ఉండండి సార్, ఇప్పటికే నలభై నిమిషాలు లేటు" అంటాడు.