జేజి వెనక్కి దిగిన కొండ

వావిలాకుకు ఆముదం రాసి పెనం మీద వెచ్చబెడితే లేచే ఘాటు వాసన, మోకాళ్లు పట్టేసిన ఈ వయసులో రోజూ పొద్దున నన్ను దోర్నాల అవతలి అడవిదారికి లాక్కుపోతుంది. అప్పుడు మేము మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లావాళ్లం. మార్కాపురం దగ్గరి మా పల్లెలో నాయనమ్మను జేజి అనేవాళ్లం. ఆ ఏడు నాయన విషజ్వరంతో మంచంపట్టి లేచాడు. శివరాత్రికి శ్రీశైలం తన కాళ్లతో నడిచిపోయి, తన కాళ్లతోనే తిరిగి దిగుతానని జేజి మల్లన్నకు మొక్కుకుంది. ఆమె మోకాళ్లు చూస్తే పొయ్యి దగ్గరినుంచి వసారాలోకి రావడమే గొప్ప.

బండ్లు ఆగిపోయిన చోట దిగి, జొన్నరొట్టెలూ శనక్కాయల కారమూ మూటగట్టుకుని, మోదుగులు ఎర్రగా విరగబూసిన అడవిలోకి జేజీ నేనూ నడిచాం. నిట్టనిలువు చోట జేజి నేరుగా ఎక్కేది కాదు, అటూ ఇటూ వంకరలు తిరుగుతూ ఎక్కేది; నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే కూర్చునేది; నేను అచ్చనగాయలకు గులకరాళ్లు ఏరుకునేలోగా మోకాళ్లకున్న వావిలాకు కట్టు మార్చుకుని, చేతికర్ర ఊని లేచేది. ఎక్కడం, దర్శనం అలాగే అయ్యాయి.

దిగడమే కష్టమైంది. రాతిమెట్ల మీద రెండడుగులు వేసి కూలబడింది. నాకు ఏడుపొచ్చింది. డోలీవాళ్లు వచ్చి నిలబడ్డారు.

"ఎక్కు అవ్వా, దించుతాం."

"నా కొడుకు పానం మీద మొక్కుకున్న్యా నాయనా. డోలీ ఎక్కితే వానికేమన్నా అయితే?"

జేజి లేచి కొండవైపు తిరిగింది. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి కర్ర మీద వేసి, వెనక్కి ఒక మెట్టు దిగింది. ఇంకొకటి దిగింది. "ఇట్లయితే నొయ్యట్లేదే పాపా!" అంది.

పైనుంచి వస్తున్న జనం ఆగి చూశారు. "ఆ తల్లి దేవునికి వీపు చూపకుండా దిగుతా ఉంది!" అన్నారెవరో. కాసేపట్లో పాతికమంది, పిల్లాజెల్లాతో సహా, కొండకు దండం పెడుతూ వెనక్కి వెనక్కి దిగసాగారు. నాకు నవ్వాగలేదు. కింద ఒకావిడ జేజి కాళ్లు పట్టుకోబోయింది.

"బక్తి కాదమ్మా, మోకాళ్ల నొప్పి!"

"పెద్దోళ్లు అట్లనే అంటారులే తల్లీ" అని ఆవిడ మొక్కనే మొక్కింది.

ఆ కాలిబాటను ఇప్పుడు అడవి మింగేసింది. బస్సులు గుడి దగ్గరిదాకా పోతాయి, ఎవరికీ మోకాళ్లతో పని లేదు. జేజి మళ్లీ ఏ కొండా ఎక్కలేదు. నాయన మాత్రం ఎనభై దాటి బతికాడు. అది దేవుడి దయ అని అందరూ అంటారు. జేజి మోకాళ్ల చలవ అని నేనంటాను.