రెండో తాళంచెవి

మా తమ్ముడు కారుకు మడతపడే రిమోట్ కీ వేయించాడని నాకు మనుషులెవరూ చెప్పలేదు. కారే చెప్పింది, అదీ వీధంతా వినేలాగా.

ఆ కారు మా నాయన కొన్నది. మదనపల్లెలో ఇంటి ముందే పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పళ్లెంలో పసుపు పూసి పెట్టిన రెండు తాళంచెవుల్లో ఒకటి తమ్ముడికిచ్చి, రెండోది నా చేతిలో పెట్టాడు నాయన. ఇంటికి ఆవొచ్చినా బండొచ్చినా ఆడబిడ్డ చేతిలో ఏదో ఒకటి పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. చీరో, రవికగుడ్డో పెడతారు. మా నాయన తాళం పెట్టాడు. "కుప్పానికి ఇచ్చినంత మాత్రాన బిడ్డ పరాయిదైపోతాదా? వచ్చినప్పుడు ఎవుర్నీ అడిగే పన్లేదు, తీసుకోని పో" అన్నాడు. పెళ్లయిన కూతురికి కారు తాళమేమిటని చుట్టాల్లో ఒకరిద్దరు ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం ఆ పూట పట్టుచీర పెట్టినా అంత గర్వంగా ఉండేది కాదు.

నాయన పోయాక కూడా ఆ మాట సాగింది. అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటుంది. నెలకోసారి నేను కుప్పంలో తొలి బస్సెక్కి వచ్చేదాన్ని. అప్పటికి తమ్ముడు బైకు మీద టమాటా మార్కెట్టుకు పోయుంటాడు. కారు వాకిట్లో ఉంటుంది. అమ్మను ఎక్కించుకుని చౌడేపల్లెలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి పోయేవాళ్లం. చిన్నమ్మకు మోకాళ్లు పట్టేసి గడప దాటలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ మధ్యాహ్నందాకా ఊళ్లోవాళ్లందరినీ నమిలి వదిలేవాళ్లు. సాయంత్రానికి కారు తెచ్చి దాని చోట పెట్టేదాన్ని.

ఆ రోజు కూడా అమ్మ చిన్నమ్మకు నేతి ఓళిగలు డబ్బాలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను పోయి డోరుకు తాళం పెట్టి తిప్పాను. డోరు తెరుచుకుంది. వెంటనే కారు లబోదిబోమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. హారను ఆగదు, లైట్లు ఆగవు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటావిడ చీపురు పట్టుకునే బయటికొచ్చి, "ఏమ్మా, పుట్టింటికే కన్నమేస్తాండావా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

కాసేపటికి దాని నోరు అదే మూతపడింది. ఎక్కి కూర్చుని తాళం తిప్పాను. ఇంజను లేచినట్టే లేచి ఆగిపోయింది. మీటరు దగ్గర ఎర్రదీపం టపటపా కొట్టుకుంటోంది. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. అమ్మ పక్క సీట్లో డబ్బా ఒళ్లో పెట్టుకుని, "పెట్రోలు లేదేమో సూడమ్మా" అంది.

మా మరదలు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "రిమోటు కీ ఏయించినారు కదా వదినా, ఆయన మీకు చెప్పలేదా?" అంటూ తమ్ముడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. వెనకాల వేలంపాట కేకలు. "అయ్యో అక్కా! కొత్త కీ నా జోబీలో ఉండాది. పాతది ఇంక పన్జెయ్యదు. ముందే ఒక ఫోన్ కొట్టింటే ఇంట్లో పెట్టి వచ్చుండేవాణ్ణి కదా!"

ముందే ఫోన్ కొట్టాలంట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా నాయన బండి తీసేదానికి నీకు ఫోన్ కొట్టి రావాల్నా రా?" అని ఫోన్లో వాడి మీద అరిచి, అది చాలక మరదలి వైపు తిరిగి, "ఇప్పుడు కండ్లు సల్లబడినాయా తల్లీ?" అనేశాను. ఆ పిల్ల పాపం నా చేతిలో ఫోన్ తీసుకుని ఆపేసింది. అమ్మ మెల్లగా దిగి, డబ్బా పట్టుకుని లోపలికి పోయింది. నేను అటునుంచి అటే బస్టాండుకు పోయాను.

దారిపొడుగునా ఒకటే ఆలోచన. ఇది మరదలి పనే. చాప కింద నీళ్లలాగా ఉండి, ఆడబిడ్డ రాకపోకలకు అడ్డం కొట్టింది. బస్సు పలమనేరు దాటేలోపల నాకు అనుమానం కూడా మిగల్లేదు. ఇంటికి పోయి మా ఆయనతో చెబితే, "ఒక తాళానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. తాళానికి కాదు. ఆ ఇంట్లో నేనింకా ఇంటి మనిషినా, వచ్చిపోయే చుట్టాన్నా అన్నదే నా బాధ. తమ్ముడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఆదివారం వాడే కారేసుకుని కుప్పం వచ్చాడు. దిగి, చేతిలోది నొక్కాడు. కారు కుయ్‌మంది. ఇంకో మీట నొక్కితే మడతలోంచి తాళం టక్కున బయటికి ఎగిరింది. చిన్నపిల్లాడిలాగా రెండుసార్లు మూసి తెరిచి చూపించాడు.

"పాతబడిపోయిన బండికి ఈ సోకులేందిరా, ముసలెద్దుకు గజ్జెలు కట్టినట్టు?" అన్నాను.

"వానలో డోరు కాడ నిలబడి తిప్పే బాధ లేదక్కా. సరేగానీ, నీ కీ ఇయ్యి. పుంగనూర్లో ఏసినాయన దగ్గరికి తీస్కపోయి, మళ్లా పన్జేసేటట్టు చేయించుకోని వస్తా."

"నేనూ వస్తా. నా కీ నా చేతిలోనే ఉంటాది."

దారిలో వాడు ఏవేవో చెబుతూనే ఉన్నాడు, రామకుప్పం వైపు రాగి చేలల్లో ఏనుగులు పడిన సంగతి, అమ్మ మాత్రలు సరిగా మింగని సంగతి. నేను ఊ కొడుతున్నానే గానీ, నాలుక చివర ఒకే ప్రశ్న ఉంది. ఎవరు చెబితే చేశావురా ఈ పని? పుంగనూరు వచ్చేదాకా దాన్ని అడగకుండా దాచుకున్నాను.

బస్టాండు వెనక చిన్న అంగడి. తాళాలాయన స్టీరింగు కింద ఏదో మిషను వైరు తగిలిస్తూ, నా చేతిలోని పాత తాళంచెవిని చూశాడు. తర్వాత తమ్ముడి మొహం చూశాడు.

"ఇదేందప్పా! ఇంకో కీ యాడన్నా ఉండాదా అని ఆ పొద్దే అడిగితి కదా? ఉంటే రెండిటి చిప్పూ ఒకేసారి బండికి ఎక్కించల్ల, లేకుంటే ఆడుండేది సచ్చిపోతాదని చెప్తిని. ఒకటే ఉండాదంటివే!"

నేను తమ్ముడి వైపు తిరిగాను. ఇప్పుడు పెళ్లాం పేరు బయటికొస్తుందని చూశాను. వాడు మెడ గోక్కున్నాడు.

"నిజమే భాయ్, గ్యాపకం రాలేదు." తర్వాత నాతో, "ఒట్టు అక్కా. నీ దగ్గర ఒకటుండాదని నాకు తట్టనే లేదు" అన్నాడు.

వాడు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అదే నా ఖర్మ. పెళ్లాం వద్దందని చెప్పుంటే, దాంతో పదేళ్లు హాయిగా పోట్లాడుకుని ఉండేదాన్ని. నువ్వు మా కారు తియ్యడం నాకిష్టం లేదక్కా అన్నా, అమ్మ ముందు కూర్చోబెట్టి కడిగేసేదాన్ని. ఎవరూ నా చేతిలోది లాక్కోలేదు. ఎవరో అడిగారు, వాడు ఆలోచించాడు, నేను గుర్తుకు రాలేదు. అంతే. ఏడుపొచ్చింది. ఎండకన్నట్టు కొంగుతో మొహం తుడుచుకున్నాను.

పని ఇట్టే అయిపోయింది. "ఇప్పుడు తిప్పి సూడమ్మా" అన్నాడు తాళాలాయన. తిప్పితే ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఇంక కోపం పోయిందా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"పోయిందిలేరా" అన్నాను. నిజంగానే పోయింది. కోపమైతే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాతి నెల మరదలికి ఒక చీర పట్టుకుపోయాను. ఎందుకు వదినా అని అడిగితే, రంగు నచ్చింది తెచ్చానన్నాను.

నా తాళం ఇప్పుడు చక్కగా పనిచేస్తుంది. అయినా బయల్దేరే ముందురోజు సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేస్తాను. "రేపొస్తాండానురా, బండి ఉండాదా?" అని అడుగుతాను.

"నీ కీ నీ దగ్గరే ఉండాది కదక్కా, మళ్లా నన్ను అడిగేదేంది?" అంటాడు వాడు, ప్రేమగానే.

అడిగేది బండి కోసం కాదు. అడిగితేనన్నా నేనొకదాన్ని ఉన్నానని వాడికి గుర్తుంటుంది. ఆ మాట వాడితో అనలేక, అమ్మను తయారుగా ఉండమని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.