గోడ కన్నం, ఖాకీ చొక్కా

ముప్పై ఏళ్లు కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో, డ్రయర్ సెక్షన్‌లో పనిచేశాను. తడిగా ఉన్న మందు పొడిని ట్రేలలో పరిచి, వేడిగాలి పెట్టి ఆరబెట్టడమే నా పని. రిటైరయ్యాక ఇంద్రేశంలో కట్టుకున్న ఇంటికి బట్టలారబెట్టే మిషన్ తెస్తానంటే నా భార్య మొహం అదోలా పెట్టింది. "మనకేమన్న ఎండలు తక్కువైనయా?" అంది. వానాకాలం వచ్చి, ఫ్యాను కింద రెండు రోజులు వేలాడిన బట్టలు ముక్కిపోయిన వాసన కొట్టాక ఊరుకుంది.

మొదటి నెల గంటలో ఆరిపోయేవి. ఆ తర్వాత దానికేం రోగమొచ్చిందో, రెండు గంటలు తిరిగినా బట్టల అంచులు చల్లగా తగిలేవి. ఎక్కువ బట్టలు వేస్తున్నావని ఆమె మీద పడ్డాను. సగమే వేసింది. అయినా అంతే.

ఆ శనివారం సంగతి ముదిరింది. మర్నాడు మా చర్చిలో స్త్రీల సమాజం ఆదివారం. ఆడవాళ్లంతా తెల్ల చీరలు కట్టుకొస్తారు, వాళ్లలో ఒకరు బైబిల్ వాక్యం చెబుతారు. ఇన్నేళ్లలో మొదటిసారి మా ఆవిడను చెప్పమన్నారు. పది రోజులుగా వంటింట్లో గిన్నెలకు వినిపిస్తోంది. ఉన్న ఒక్క తెల్ల చీర బీరువాలో చెమ్మ వాసన పట్టిందని పొద్దున్నే ఉతికింది. మిషన్‌లో వేసి రెండు గంటలైనా తడిగానే ఉంది. బయట ముసురు వదిలేలా లేదు.

"రేపు నేను ముందల నిలబడ. వేరేవాళ్లను చెప్పుమని ఫోన్ చేస్త," అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ, వాక్యం రాసుకున్న కాగితం మడిచి బైబిల్లో పెట్టేసింది. నాకది చూడబుద్ధి కాలేదు.

"పోనీ, మెకానిక్‌ను పిలుద్దామా?" అంది మళ్లీ.

"డ్రయర్ల మీద జిందగీ గడిపినోణ్ణి. నాకు మెకానిక్కా?" అన్నాను. నాకంటే నా కోపం ముందు పుట్టింది.

బట్టల నూగు పట్టే జల్లెడ తీసి చూశాను. ఆమె రోజూ దులుపుతుంది, శుభ్రంగానే ఉంది. కరెంటు తక్కువొస్తోందని లైన్‌మన్‌ను తిట్టాను. మీటరు పెట్టి చూస్తే బాగానే వస్తోంది. చెయ్యి పెడితే లోపల వేడికీ లోటు లేదు. మిషన్‌ను ముందుకు లాగి, తడిగాలి బయటికి పోయే వెనక గొట్టం చూశాను. ఎక్కడా నలగకుండా నేరుగా గోడ కన్నంలోకి పోతోంది. ఇక తయారుచేసినవాళ్లను తిట్టడం మొదలుపెట్టాను.

ఆమె మిషన్ ఉన్న గది గోడ మీద వేలితో గీసింది. వేలు తడిసింది.

"వేడి మంచిగనే ఉన్నది. తడే బయటికి పోతలేదు, అంత గోడలకే పడుతున్నది," అంది. "ఫ్యాక్టరీల కొత్తోళ్లకు ఏమని చెప్తుంటివి నువ్వు? ముందుగాల గాలి పొయ్యే తొవ్వ సూడుమని కాదా?"

ఆమె కొంగు నెత్తిన వేసుకుని వానలోనే ఇంటి వెనక్కి నడిచింది. గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్లాను. మునివేళ్ల మీద నిలబడి, గోడ కన్నంలో చెయ్యి పెట్టి ఏదో ముద్దను లాగింది. నీళ్లోడుతున్న ఖాకీ గుడ్డ. నా పాత యూనిఫాం చొక్కా.

అప్పుడు గుర్తొచ్చింది. మా దగ్గర గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగిందంటే మందుల ఘాటు ఇళ్లలోకి వస్తుంది. అందరం కిటికీలు వేసి, గోడలకు ఏ కన్నమున్నా పాత గుడ్డలు కుక్కుతాం. నెల కింద ఒక సాయంత్రం ఘాటు ఎక్కువైతే ఇంటి చుట్టూ తిరిగి బాత్రూందీ, వంటింటిదీ, దీన్నీ నేనే మూశాను. మర్నాడు ఆ రెండూ తీసి, దీన్ని మరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇదెవ్వరి అంగి?" అంది ఏమీ ఎరగనట్టు.

"నవ్వు, జెర మంచిగ నవ్వు," అన్నాను.

నవ్వింది. గోడ పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

చీర ముప్పావు గంటలో ఆరింది. ఇస్త్రీ నేనే చేశాను. సాయంత్రం మళ్లీ ఘాటు మొదలైంది. కన్నంలో గుడ్డ కుక్కి లోపలికొచ్చేసరికి మిషన్ స్విచ్చుకు నా పాత ఐడీ కార్డు వేలాడుతోంది. ఫ్యాక్టరీలో యంత్రం నడపకూడని వేళ ఇట్లాగే స్విచ్చుకు అట్ట కట్టేవాళ్లం.

"గుడ్డ కన్నంల ఉన్నన్ని దినాలు కార్డు స్విచ్చుకుండాలె," అంది. ముప్పై ఏళ్లు అన్నం తింటూ నేను వాగిన ఫ్యాక్టరీ ముచ్చట్లు ఆమె వింటోందని నేనెన్నడూ అనుకోలేదు. భలే సంతోషమేసింది.

ఆదివారం వాక్యం చెప్పింది. మొదట్లో కాగితం చూసి చదివింది, తర్వాత వంటింట్లో లాగే చెప్పుకుపోయింది. బయటికొచ్చాక ఆడవాళ్లు చుట్టూ చేరారు. అందరి చీరలూ చెమ్మకు మెత్తబడి ఉన్నాయి.

"గీ ముసుర్ల నీ చీర గంత మంచిగ ఎట్లెండిందక్కా?" అని ఒకామె అడిగింది.

చొక్కా సంగతి ఇక బయటపడుతుందని నేను బండి తాళం వెతుక్కోవడం మొదలుపెట్టాను.

"మా ఇంటాయన ముప్పై ఏండ్లు డ్రయర్ల మీదనే పన్జేసిండు గద," అంది నా వైపు చూడకుండా. "ఆయనుండంగ నాకేం పరేషాన్."