తల గోక్కున్న పెళ్లికూతురు

కుమాసీ పట్నంలోని బంతామా వీధిలో బొయాతెమా సెలూన్‌కి జుట్టు సాపుచేసే మందు డబ్బా కొత్తది ఏది వచ్చినా, ఆమె ముందు దాన్ని వెనక్కి తిప్పుతుంది. ముందువైపు నవ్వే అందగత్తెతో ఆమెకు పనిలేదు. వెనక సన్నక్షరాల్లో కాస్టిక్ సోడా కనబడితే పక్కన పడేస్తుంది. 'సోడా లేదు' అని గొప్పగా రాసుకున్నవాటిని ఇంకా అనుమానంగా చూస్తుంది, ఎందుకంటే సోడా లేనిచోట చాలాసార్లు సున్నం ఉంటుంది, అదీ నెత్తిని కాలుస్తుంది. ఏమేం కలిపారో రాయని డబ్బానైతే గుమ్మం దాటనివ్వదు. వీధివాళ్లు ఆమెకు డబ్బాల పంతులమ్మ అని పేరుపెట్టారు. ఎగతాళికే పెట్టారు గాని, ఆమె మాత్రం బిరుదిచ్చినట్టు మురిసిపోతుంది. మురియాల్సిందే మరి.

పెళ్లి రేపనగా పెళ్లికూతురు ఫొరివాను మేనత్త కొనాదు సెలూన్‌కి లాక్కొచ్చింది. చిన్నప్పటినుంచి ఫొరివాకి జడలల్లింది బొయాతెమానే. కొనాదు సంచిలోంచి ఓ డబ్బా తీసి బల్లమీద పెట్టింది. దానికి వెనక ఒక్క అక్షరం లేదు, వాసన మాత్రం ఘుమఘుమలాడింది.

"దీంతో దీని జుట్టు సాపు చెయ్. వియ్యాలవారి ముందు గొర్రెపిల్లలా నిలబెట్టలేను," అంది కొనాదు.

"ఇందులో ఏముందక్కా?"

"ఏముంటే నీకేం, పూసేదానివి. మంటపుడితే మందు పట్టినట్టు, అంతే."

ఆ మాట ఆ ఊళ్లో ప్రతి ఆడదీ వినే పెరిగింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఓర్చుకుని, ఇంకాసేపు ఉంచమని అడిగినవాళ్లు ఎంతమందో. బొయాతెమా అమ్మాయి జుట్టు పాయలు తీసి చూసింది. నెత్తంతా ఎర్రటి గీతలు.

"గోక్కున్నావా?"

"రాత్రి జడలు విప్పాక ఒకటే దురద. ఆగలేకపోయాను," ఫొరివా తలొంచుకుంది.

మందు పెట్టించుకోబోయే తల గోక్కోకూడదని కుమాసీలో పసిపిల్లకైనా తెలుసు. గీరుకుపోయిన చర్మంమీద మందు పడితే పుండే. ఇక జుట్టు మళ్లీ మొలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. పిల్ల ఉన్న జుట్టుతో పెళ్లికి వెళుతుందా, పుండ్లతో వెళుతుందా అన్నదే ఇప్పుడు తేలాలి.

"నేను పూయనక్కా," అంది బొయాతెమా.

"ఎదురుకొట్టులో పూస్తారు," అంటూ కొనాదు గుమ్మంవైపు నడిచింది. " రేపు పెళ్లిలో నీ పేరు ఊరంతా చెబుతాను, ఎలా చెబుతానో చూడు."

"చెప్పుకో. తల మాత్రం దానిది. దాన్నే అడుగు."

ఫొరివా గుమ్మంలో నిలబడ్డ మేనత్తను చూసింది, అద్దంలో తన నెత్తిని చూసుకుంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. బొయాతెమా గోరువెచ్చని నీళ్లతో తల కడిగి, చేతుల మధ్య షియా గింజల వెన్న కరిగించి, ఒక్కో పాయా నిమిరి, ఆ జుట్టునే గుండ్రంగా ఎత్తుకట్టి బంగారు పిన్నులు గుచ్చింది. సవరం లేదు, విగ్గు లేదు.

పెళ్లిలో పెళ్లికొడుకు వాళ్ల నాయనమ్మ ఫొరివా దగ్గరికొచ్చి, "ఏ కొట్లో కొన్నారే ఈ విగ్గు?" అని అడిగింది. ఫొరివా తల వంచింది. "లాగి చూడండి, నాయనమ్మా." ముసలమ్మ నిజంగానే లాగింది. పిల్ల అబ్బా అంది, పందిరంతా నవ్వింది. అందరికంటే ముందు కొనాదు గొంతే లేచింది: "మా వంశం జుట్టండీ అది. మందు వద్దని నేనే చెప్పాను."

జనం వెనక నిలబడ్డ బొయాతెమా కాదనలేదు. ఆ తల ఆమె చేతిపని, అది నలుగురిలో రాణిలా తిరుగుతోంది, ఆమెకు అంతకంటే ఏం కావాలి?

భోజనాలవేళ ఎవరో ఆమె మోచెయ్యి పట్టి వంటపాకల వెనక్కి లాగారు. చూస్తే కొనాదు. అటూ ఇటూ చూసి తలగుడ్డ విప్పింది. నుదుటి పైనుంచి నడినెత్తిదాకా అరచేయిలా నున్నగా ఉంది.

"మంటపుడితే పట్టినట్టు అనుకున్నానే. ఏళ్లతరబడి ఓర్చుకున్నాను," అంది, మొదటిసారి గొంతు తగ్గించి. "ఇక్కడేమైనా మొలుస్తుందంటావా?"

బొయాతెమా ఆ నున్నటి చోట వేలితో మెల్లగా తడిమి చూసింది.

"నీతో అబద్ధం చెప్పలేనక్కా. ఇక్కడ మొలవదు," అంది. "వెనక మిగిలిన జుట్టును కాపాడుకుందాం. సోమవారం రా."