కొండ పేలాకే తుపాకీ తీయాలి

మా చిన్నప్పుడు ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో మధ్యాహ్నం సైరన్ మోగిందంటే... మా క్వార్టర్స్ సందులో ఇద్దరు తుపాకీ వీరులు ఎదురెదురుగా నిలబడేవాళ్ళు. ఒకరు నేను, ఇంకొకరు నా ఈడుదే, సారక్క.

సారక్క వాళ్ళది కోంటా. మార్కెట్లో వాళ్ళ నాన్నకు కిరాణా దుకాణం ఉండేది. మాది విజయనగరం వైపు. మా నాన్న కొండమీద ఇనుప గనిలో బ్లాస్టరు... అంటే రాతిలో మందు కూరి పేల్చే పని.

ఈ తుపాకీల పిచ్చి మాకు ఎక్కడిదంటే, ఆ వేసవిలో క్లబ్బు గ్రౌండులో వేసిన ఒక సినిమా నుంచి. ఇటలీ వాళ్ళు తీసిన కౌబాయ్ సినిమా అని చాలా ఏళ్ళకు తెలిసింది. మాటలన్నీ ఇంగ్లీషు... ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఎవరూ లేచి వెళ్ళలేదు. ఎండ, ఎర్రదుమ్ము, కళ్ళు చికిలించి చూసే ఒక మనిషి. ఎదుటివాడి చెయ్యి కదిలేలోపు ఇతని తుపాకీ పేలేది. గురి తప్పేదే కాదు.

తెర ముందు చోటు లేక మా ఇంట్లోవాళ్ళం ఆ తెల్లగుడ్డకు వెనకవైపు కూర్చున్నాం. అటునుంచి చూస్తే బొమ్మ కుడిఎడమలు మారి కనిపిస్తుంది కదా... అందుకని నేను చూసిన వీరుడిది ఎడమచేతి వాటం. ముందు కూర్చున్న సారక్క చూసినవాడిది కుడిచేతి వాటం. దీనిమీద మూడు రోజులు మాకు మాటల్లేవు.

"నీకు కండ్లు గిట్ల కనవడతలేవా ఏంది?" అంది అది. నేనూ తగ్గలేదు. ఎడమచేత్తోనే సాధన చేశాను. ఆ చేత్తోనే అన్నం తినబోతే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

నాన్న పగిలిన పాత హెల్మెట్ నా టోపీ. ఆ సినిమా వీరుడి చుట్టకు బదులు నా నోట్లో చీపురుపుల్ల. వంకర జామకొమ్మ తుపాకీ.

ఆటకు ఒకటే రూలు. కొండమీద పేల్చేముందు వేసే ఆఖరి సైరన్ మోగగానే, చేతులు నడుం దగ్గర పెట్టుకుని కదలకుండా నిలబడాలి. కొండ పేలిన చప్పుడు వినబడ్డాకే తుపాకీ తీయాలి. ముందు తీసినవాళ్ళది గెలుపు. చప్పుడుకంటే ముందే తీస్తే ఫౌల్.

ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. చేతి వేగం గొప్పదేం కాదు... సైరన్ నుంచి మనసులో అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. నూట ఎనభై దగ్గర కొండ పేలుతుంది. రోజూ అంతే. బ్లాస్టరు కూతురిని కదా అని లోపల కాస్త పొగరు కూడా ఉండేది.

అదే సమయానికి ఇంట్లో అమ్మ గూట్లోని గాజు గ్లాసులు తీసి మంచం మీద పెట్టేది. పేలుడుకు ఇల్లు అదిరి ఒకసారి రెండు గ్లాసులు పగిలాయి మరి. చప్పుడయ్యాక మళ్ళీ గూట్లో సర్దేది. మా వరసలో అందరి ఇళ్ళల్లోనూ ఇదే తంతు.

ఒకరోజు... ముందురోజు వాన పడింది. ఆఖరి సైరన్ మోగింది. మేమిద్దరం నిలబడ్డాం. నూట ఎనభై రాగానే చటుక్కున తుపాకీ తీసి "ఢాం" అన్నాను.

కొండ పేలలేదు.

"ఫౌల్, ఫౌల్" అని సారక్క నవ్వింది. చుట్టూ ఉన్న పిల్లలూ నవ్వారు. నా లెక్క తప్పదని నాకు తెలుసు. చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను... రెండు వందలు... మూడు వందలు... పిల్లల నవ్వు ఆగిపోయింది. క్వార్టర్స్ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు బయటికొచ్చి ముందు కొండవైపు చూశారు. తర్వాత మా అమ్మవైపు చూశారు.

సారక్క దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "పేలకపోతే ఏం జేస్తరు?"

"ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి," అన్నాను.

ఆ ఎవరో ఒకరు మా నాన్నేనని, ఆ మాట నా నోటితో అనేదాకా నాకు తట్టలేదు.

ఎంత భయమేసిందో ఇప్పటికీ గుర్తుంది. నేను ముందే "ఢాం" అన్నందుకే ఇలా అయిందనిపించింది. అమ్మ దగ్గరికి పరిగెత్తి, నా దొంగలెక్క సంగతంతా ఏడుస్తూ చెప్పేశాను.

అమ్మ తిట్టలేదు. "ఏడవకే... మీ నాన్న తొందరపడీ మనిషి కాడు," అంది. అన్నది గానీ, పొయ్యిమీద గంజి పొంగి మంట ఆరిపోయినా చూసుకోలేదు. గ్లాసులు మంచం మీదే ఉండిపోయాయి. సారక్క కూడా తన ఇంటికి వెళ్ళకుండా ఆ మంచం పక్కనే కూర్చుంది.

ఎండ దిగే వేళకు మళ్ళీ సైరన్ మోగింది. "అయితే చూసొచ్చేసినాడు. మనుషులందరూ దూరంగా ఎల్లాకే సైరన్ ఏస్తారు," అంది అమ్మ. ఈసారి నేను లెక్కపెట్టలేదు. అమ్మ కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కొండ పేలింది. ఇల్లు అదిరింది. అమ్మ ఉన్నచోటే నేలమీద కూలబడి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

నాన్న వచ్చాక కాళ్ళకు నీళ్ళు పోస్తూ అడిగాను... పేలకపోతే నువ్వేం చేస్తావని.

"మందు తడిసిపోనాది. ఏటి సేత్తాను... రాయి సాటున కూకుంటాను. గంట కూకుంటాను. గుబులు తీరకపోతే ఇంకో గంట కూకుంటాను. అప్పుడు మెల్లగా ఎల్తాను," అన్నాడు, అదేదో కూరగాయలకు వెళ్ళొచ్చినట్టు.

అమ్మ గ్లాసులన్నీ తుడిచి గూట్లో పెట్టింది. ఒకదాంట్లో నాన్నకు టీ పోసింది.

ఆ తర్వాత మేమా ఆట ఆడలేదు. సైరన్ మోగితే సారక్కా నేనూ లోపలికొచ్చి అమ్మతోపాటు గ్లాసులు దించేవాళ్ళం.

మొన్న ఆ సినిమా ఫోన్లో దొరికింది. ఇన్నేళ్ళకు ముందువైపు నుంచి చూశాను. కుడిచేతి వాటమే... సారక్కా, నువ్వెక్కడున్నావో గానీ, ఒప్పుకుంటున్నాను. అతని వేగం చూస్తే ముచ్చటేసింది. కానీ నా కళ్ళ ముందు మెదిలింది మాత్రం, రాయి చాటున కదలకుండా కూర్చున్న మా నాన్న.

నాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంటికి రావలసిన మనిషి పావుగంట ఆలస్యమైతే ఫోన్ చేసి కనుక్కుంటున్నాం. సైరన్లు లేవు, ఇల్లు అదరదు. అయినా గాజు గ్లాసు గూటి అంచున కనిపిస్తే నా చెయ్యి ఆగదు... లోపలికి జరుపుతాను.

మీ ఇంట్లో ఏ చప్పుడు వినబడితే మీ అమ్మ ఊపిరి పీల్చుకునేది?