డ్రాగన్‌ను నమ్మిన సంపాదకుడు

ఆ సంపాదకుడి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు.

అరవైల తొలి సంవత్సరాలలో నేను కేతేపల్లి బడిలో సైన్సు చెప్పేదాన్ని. హైదరాబాదులో జంతుశాస్త్రం చదివాను; ఎవరేమి చెప్పినా ‘ఎట్లా తెలుసు?’ అని అడగడం అక్కడ అబ్బిన అలవాటు. ఆ రోజుల్లో జానపద నవలలు విరివిగా వచ్చేవి. వాటిలో మహాసర్పాలు ఉండేవి, వాటిని నరికే రాజకుమారులు ఉండేవారు. ఆ సర్పం ఏం తింటుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది అని అడిగే మనిషి మాత్రం ఒక్క నవలలోనూ కనిపించలేదు. ఆ ప్రశ్నలు అడిగే స్త్రీని కథానాయికగా పెట్టి నేనొక నవల రాశాను. ఇంగ్లీషు కథల్లోని డ్రాగన్, అంటే రెక్కలున్న పెద్ద బల్లివంటి జంతువు, ఆమె పరిశోధనాంశం.

కల్పన కదా అని తోచింది రాయడం నాకు చేతకాదు. డ్రాగన్ దొరకదు గనుక ఉడుమును చూడాలనుకున్నాను. సెలవు రోజుల్లో పొద్దున్నే ఊరి బయటి గుట్ట ఎక్కి, ఒక బండ చాటున కదలకుండా కూర్చునేదాన్ని. బండ వేడెక్కితే గాని ఉడుము బయటికి వచ్చేది కాదు. వచ్చినా చాలాసేపు ఎండలో ఒళ్లు కాచుకున్నాకే కదిలేది. అది చూసిన నాడే నా డ్రాగన్ నోటిలోని నిప్పు తీసివేశాను. కడుపులో కొలిమి ఉన్న జంతువుకు ఎండతో పనేమిటి? వానాకాలంలో ఒక ఉడుము పుట్టలో గుడ్లు పెట్టి, మన్ను కప్పి, తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. అదీ నవలలోకి వచ్చింది.

గుట్ట మీద ఎవరైనా పదేపదే బండసందుల్లోకి తొంగిచూస్తే మా వైపు దానికి ఒకటే అర్థం: లంకెబిందెలు వెతుకుతున్నారని. ఒకనాడు దిగి వస్తుంటే పోలీసు పటేలు దారిలో నిలబడి ఉన్నాడు.

“పంతులమ్మా, ఏమన్న దొరికిందా?”

“ఉడుము కనబడ్డది.”

“ఉడుమును ఉత్తగ చూసుడేంది? జర సంచి చూపియ్యమ్మా. దొరికిన దాంట్ల సర్కారుకు గూడ హక్కుంటది.”

సంచిలో జొన్నరొట్టె, కాగితంలో చుట్టిన ఉడుము పెంట ఉన్నాయి. అందులోని పురుగుల రెక్కలను చూపించి, అది ఏం తిన్నదో చెప్పాను.

“గీ పెంట కోసమా తల్లీ, పట్నంల సదివింది?” అని ఆయన ముక్కు మూసుకుని దారి ఇచ్చాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. అనుమానించాడు, సంచి విప్పించి చూశాడు, చూసినదాన్ని నమ్మాడు. శాస్త్రం ఎవరినైనా అడిగేది అంతే.

నవల పంపితే చదివి, నన్ను ఆఫీసుకు పిలిపించిన హైదరాబాదు సంపాదకుడు ఆ మాత్రమూ చేయలేదు.

“నవల బాగుందండి. డ్రాగన్ కళ్లకు కట్టింది. ఒక్కటే చిక్కు. పెళ్లికాని పిల్ల ఒంటరిగా కొండ మీద ఎలా ఉంటుందండి? పాఠకులు నమ్మరు.”

అంత బరువైన జంతువు ఆ రెక్కలతో ఎట్లా ఎగురుతుందని ఆయన అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర సరైన జవాబు కూడా లేదు. ఆయన ప్రశ్నలన్నీ ఆమె గురించే: తోడు ఎవరు, వంట ఎవరు చేస్తారు, తండ్రి ఎట్లా ఒప్పుకున్నాడు.

“నేను వెళ్లానండి, ఒక్కదాన్నే,” అన్నాను.

“మీ సంగతి వేరు లెండి,” అని నవ్వాడు. “ఒక రాజకుమారుణ్ణి పెట్టి, అతన్ని కొండ ఎక్కిద్దాం. అతను చూసి వచ్చి చెబుతాడు, ఆమె ఆశ్రమంలో కూర్చుని రాస్తుంది. అప్పుడూ పరిశోధన ఆమెదే కదా.”

“కళ్లతో చూడనిదాన్ని రాస్తే అది పరిశోధన కాదు, వినికిడి. మార్చేటట్లయితే అచ్చు వేయకండి.”

“అలాగేనండి,” అన్నాడు.

కొన్ని నెలల తరువాత నల్లగొండ బస్టాండు దగ్గర, పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణంలో నా నవల కనిపించింది. అట్ట మీద కత్తి దూసిన రాజకుమారుడు, అతని పాదాల కింద నా పేరు. నిలబడే చదివాను. గుట్ట ఎక్కినవాడు అతను. ఆశ్రమంలో కూర్చున్నది ఆమె. “మీకు భయం వేయలేదా?” అని ఆమె అతన్ని అడుగుతుంది; పుస్తకమంతటా ఆమెకు మిగిలిన ప్రశ్న అదొక్కటే. డ్రాగన్ కోడిపెట్టలా గుడ్లు పొదుగుతున్నది. ఆ అధ్యాయం రాసినవాడు పొదిగే కోడిని తప్ప మరే జంతువునూ చూసి ఉండడు.

సంపాదకుడికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

ఆ ప్రతిని కిరాయికి తెచ్చుకుని, సంపాదకుడు చొప్పించిన పేజీలన్నీ సిరాతో కొట్టివేసి, అంచుల్లో నా అధ్యాయాన్ని మళ్లీ రాశాను. చోటు చాలనిచోట కాగితాలు అతికించాను. తిరిగి ఇవ్వబోతే దుకాణదారు పుస్తకం తెరిచి నోరు వెళ్లబెట్టాడు.

“ఏందమ్మా గిది? కిరాయి బుక్కు మీద గిట్ల రాస్తరా?”

“బుక్కు నాదే. అట్ట మీద పేరు చూడు.”

ఆయన అట్టను చూశాడు, నన్ను చూశాడు. “మరి గీ అచ్చుల ఉన్నది ఎవరు రాసిండ్రు?”

“గుట్ట ఎక్కనోడు.”

“హాలియాల మా బామ్మర్ది దుకాణంల ఇంకోటున్నది. గది గూడ ఖరాబు చేస్తవా ఏంది?”

“చేస్త,” అన్నాను.

ఆ వారమే హాలియా బస్సు ఎక్కాను. అక్కడి ప్రతిలో కూడా ఆశ్రమాన్ని కొట్టివేసి, ఆమెను గుట్ట ఎక్కించి వచ్చాను.