పొగ తగిలినవాళ్లకు బెల్లం

ఎనభైల్లో, దేశాలు వదిలే బొగ్గుపులుసు వాయువు వల్ల ఎవరికెంత నష్టమో లెక్కగట్టే ఒక తెల్లదొర వెంట దుబాసీగా ఐరాల వెళ్లాను. అక్కడ బెల్లం వండుతున్న రైతు మునెప్ప, తొలి ముద్దను పక్కింటికి పంపించాడు. ఎందుకని అడిగాను.

“మా పొయ్యి పొగంతా వాళ్లింట్లోకే పోతాండాది గదప్పా! పంపకపోతే మర్యాదా?”

ఆ మాట ఇంగ్లీషులో చెబితే, మునెప్ప ఇచ్చిన బెల్లం ముక్క నములుతూ దొర ముచ్చటపడ్డాడు. తమ దేశంలో ఆ బాధే లేదన్నాడు. పొగగొట్టాలు బాగా ఎత్తుగా కట్టారట, పొగంతా సరిహద్దు దాటి పక్కదేశానికి పోతుందట.

అది తెలుగులో చెప్పగానే మునెప్ప పాకం కలపడం ఆపాడు.

“అట్లనా! మరి ఆ దేశమోళ్లకు వీళ్లేం పంపిస్తారంట?”

ఏమంటున్నాడని దొర అడిగాడు.

“ఇంకో ముక్క తినమంటున్నాడు” అన్నాను.

దొర ఆనందంగా తిన్నాడు. మునెప్ప మాత్రం జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు.